పడిపోయే పాటలు
(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)

 

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "ఒరేయ్, నువ్వో ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నప్పుడు, వంతెనల గురించి మాట్లాడమంటాడనుకున్నాను. ముప్ఫై ఏళ్ల పైనుంచీ నేను చేస్తున్న పని అదే కదా. "వంతెనలు మాత్రం వద్దు. పోయినసారి నువ్వు మాట్లాడుతుంటే వెనక వరసలు భోజనాలకి లేచిపోయాయి. ఇంకేదన్నా చెప్పు" అన్నాడు. సరే, ఇంగ్లీషు చంటిపిల్లల పాటల గురించి చెబుతాను, అదే, రైముల గురించి, అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత మెల్లగా "ఒంట్లో బావుందా?" అని అడిగాడు.

బాగానే ఉంది. కాకపోతే వంతెన లేకుండా మాట్లాడటం నాకు చేతకాదు. మధ్యలో ఒకటి వస్తుంది, ఓర్చుకోండి.

మనలో చాలామందికి చిన్నప్పుడు ఈ రైములు తెలియవు. మనది తెలుగు మీడియం. మనకి ఇంగ్లీషు గట్టిగా మొదలయ్యేసరికి కొందరికి మీసాలు కూడా మొదలయ్యాయి. అయినా నాకు మొదటి ఇంగ్లీషు పాట ఈ బడిలోనే దొరికింది. ఆరో తరగతి, ఒంటిపూట బళ్లు, ఆఖరి పీరియడు. మన ఇంగ్లీషు మాష్టారు వచ్చారు. ఏ మాష్టారో చెప్పక్కర్లేదు, ఆయన డస్టరు చప్పుడు విన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఆవేళ పాఠం తియ్యలేదు. బోర్డు మీద మూడు మాటలు రాశారు: త్రీ బ్లైండ్ మైస్. డస్టరుతో బల్ల మీద మూడు దెబ్బలు వేసి, నాలుగోది గాల్లో వేశారు. మూడు మాటలకి మూడు దెబ్బలు, ఒక ఖాళీ. తరవాత అదే పాటలో నడిమి చరణం అందుకున్నారు. అందులో మాటలు గంపెడున్నాయి. అయినా డస్టరు మాత్రం అవే నాలుగు దెబ్బలు, అదే వేగం.

"చూశార్రా? ఇంగ్లీషులో అన్ని అక్షరాలూ సమానం కావు" అన్నారు.

ఆ మాట అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మన పద్యంలో ప్రతి అక్షరానికీ లెక్కుంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ఎవరి కూలి వాళ్లకి ఇచ్చి తీరాలి. ఇంగ్లీషు పాటలో కూలంతా ఊనిక పడే అక్షరాలదే. మిగతావి ఆ దెబ్బకీ ఈ దెబ్బకీ మధ్య ఎన్ని పడితే అన్ని సర్దుకుని కూర్చుంటాయి, మన ఊరి షేర్ ఆటోలో జనంలాగ. మనం ఇంగ్లీషు మాట్లాడినప్పుడు అవతలివాళ్లు "మరోసారి చెప్పండి" అనడానికి సగం కారణం ఇదే. ప్రతి అక్షరానికీ మర్యాదగా సీటిచ్చి కూర్చోబెడతాం. ఈ సంగతి వ్యాకరణం పుస్తకం చెప్పలేదు, డస్టరు చెప్పింది.

తరవాత ఆయన మూడు బెంచీల వరసల్నీ మూడు జట్లు చేశారు. మొదటి వరస పాట ఎత్తుకుని రెండో చరణంలోకి వెళ్లగానే రెండో వరస మొదటి చరణం ఎత్తుకోవాలి, ఆ పైన మూడో వరస. ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నట్టే ఉంటుంది గాని పాట చెడదు. ఆ రకం పాటలు ఇంగ్లండులో చాలా పాతవి. దీని పాత రూపం ఒకటి 1609లోనే అక్కడ అచ్చయిందని తరవాతెప్పుడో చదివాను. ఆరోజు మాకు అవేవీ తెలియవు. గొంతు చించుకుని అరిచాం. హెడ్మాష్టారు గుమ్మందాకా వచ్చి, నిలబడి చూసి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు. ఆ పీరియడులో నేను రెండుసార్లు తప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. అసలెవరికీ వినపడలేదు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఇంకో సీను. మా అమ్మాయికి నాలుగేళ్లు. మా ఊళ్లో కాన్వెంటులో వేశాం. అప్పట్లో రైములొచ్చాయా లేదా అన్నది పిల్లకి కాదు, తండ్రికి పరీక్ష. క్యాసెట్టు కొన్నాను. ఆఫీసు నుంచి రాగానే కూర్చోబెట్టి వల్లె వేయించేవాణ్ణి. ఇంటికెవరన్నా వస్తే కాఫీకంటే ముందు అమ్మాయి వచ్చేది. హాల్లో ప్లాస్టిక్ స్టూలు ఒకటుండేది. దాని మీద నిలబెట్టి, "ఏదీ అంకుల్‌కి చెప్పు" అనేవాణ్ణి. రెండు చేతులూ ఎత్తి నక్షత్రంలా మెరిపించడం, వేలు బుగ్గ మీద పెట్టడం, ఇవన్నీ తర్ఫీదులో భాగమే. ఆల్బంలో ఒక ఫోటో ఉంది. స్టూలు మీద అమ్మాయి, చేతులు పైకి, పక్కన నేను. నా మొహంలో ఆ వెలుగు నా పెళ్లి ఫోటోల్లో కూడా లేదని మా ఆవిడ అంటుంది.

ఆ అమ్మాయి పెద్దదైంది, చదువుకుంది, పెళ్లయింది, ఇప్పుడు ఇంగ్లండులో లీడ్స్ అనే ఊళ్లో ఉంటోంది. దానికో పాప. పాపకి ఇరవై నెలలప్పుడు మేమిద్దరం వెళ్లాం. వెళ్లిన రెండో రోజే నేను నా పాత అలవాటు కొద్దీ మనవరాల్ని ఎత్తుకుని బల్ల మీద నిలబెట్టి "ఏదీ, తాతకి ట్వింకిల్ పాడి వినిపించు" అన్నాను.

వంటింట్లోంచి అమ్మాయి గొంతు వచ్చింది. గట్టిగా ఏమీ కాదు. "నాన్నా, దాన్ని అడక్కు."

దిష్టి తగులుతుందనేమో అనుకున్నాను. రాత్రి పాప పడుకున్నాక, నేను ఊరికే ఉండక, ఆ స్టూలు ఫోటో సంగతి ఎత్తి "నువ్వెంత బాగా చెప్పేదానివో" అన్నాను. అమ్మాయి నవ్వింది గాని మామూలు నవ్వు కాదు. "ఆ ఫోటోకి ముందేం జరిగిందో నీకు గుర్తుందా నాన్నా?" అంది. నాకు గుర్తు లేదు. నడుమ ఒక ముక్క మర్చిపోయిందిట. నేను కళ్లు పెద్దవి చేసి మళ్లీ మొదట్నించీ చెప్పమన్నానట. మళ్లీ అక్కడే ఆగిందిట. మూడోసారికి ఏడ్చిందిట. వాళ్లమ్మ మొహం కడిగి తీసుకొచ్చాక తీసిన ఫోటో అది. "ఇప్పటికీ ఆఫీసులో లేచి నిలబడి మాట్లాడాల్సివస్తే కాళ్ల కింద ఆ స్టూలు ఊగుతున్నట్టుంటుంది" అంది. నన్ను తప్పుబట్టినట్టు కూడా లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి, లేచి వెళ్లి గిన్నెలు సర్దుకుంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జెట్ లాగ్ అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నమ్మలేదు.

ఆ మంగళవారం అమ్మాయికి ఆఫీసు పని పడింది. "పాపని లైబ్రరీకి తీసుకెళ్లు, అరగంట పాటల క్లాసుంటుంది. నువ్వేమీ నేర్పక్కర్లేదు, వాళ్లు చెప్పింది చెయ్యి చాలు" అంది. అక్కడ చాలా ఊళ్లలో పేట లైబ్రరీల్లో వారానికోసారి చంటిపిల్లలకి ఇలా డబ్బు తీసుకోకుండా పాటలు పాడిస్తారు. క్లాసంటే బల్లలుంటాయనుకున్నాను. ఏమీ లేవు. నేల మీద చాపలు, వాటి మీద తల్లులు, ఒళ్లో పిల్లలు. ఆ గదిలో తాతని నేనొక్కణ్ణే. నా మోకాళ్ల సంగతి నేనిప్పుడు చెప్పను, మీ అందరివీ అదే వయసు.

ఆవిడ లైబ్రేరియన్ మొదలుపెట్టింది. ముందు కాలివేళ్ల పాట. అయిదు వేళ్లు, అయిదు పందిపిల్లలు. ఒక్కో వేలూ పట్టుకుని ఒక్కో పందిపిల్ల ఏం చేసిందో చెబుతూ చిటికెనవేలు దగ్గరికి రాగానే ఆ పందిపిల్ల ఏడుస్తూ ఇంటికి పరిగెడుతుంది, మన వేళ్లు పాప కాలి మీదుగా పొట్టదాకా పరిగెడతాయి. తరవాత అరచేతి పాట. అరచేతిలో వేలితో సున్నాలు చుడుతూ తోటలో ఎలుగుబంటి తిరుగుతోందని చెప్పి, ఒక్కో అడుగూ చెయ్యి మీదుగా పైకి వేసి, చివరికి చంకలో చక్కిలిగింత. నేను కూర్చున్నవాణ్ణి ఉలిక్కిపడ్డాను. ఇది నాకు తెలుసు! మా నాయనమ్మ నా అరచేతిలో పప్పూ, అన్నం, నెయ్యీ వడ్డించి, కలిపి, అందరికీ ముద్దలు పెట్టి, ఆ తరవాత అత్తారింటికి దారి వెతుక్కుంటూ వేళ్లు చెయ్యి మీదుగా నడిపించి చంకలో చక్కిలిగిలి పెట్టేది. దారి ఒకటే. అక్కడ ఎలుగుబంటి నడిచింది, ఇక్కడ పెళ్లికూతురు నడిచింది.

ఆ పైన గుర్రం పాట. పిల్లని మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని, ముందు గొప్పింటి ఆడవాళ్లు గుర్రమెక్కినట్టు నాజూగ్గా, తరవాత దొరలెక్కినట్టు జోరుగా, చివరికి రైతు ఎక్కినట్టు ఎగుడుదిగుడుగా ఎగరెయ్యాలి. ఆఖర్న మోకాళ్లు ఎడం చేస్తే పిల్ల గోతిలో పడినట్టు జారుతుంది. చేతులు మాత్రం వదలం. మొదటిసారి పాప కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. రెండోసారి జారకముందే నవ్వడం మొదలుపెట్టింది. మూడోసారి నేను కావాలని ఆఖరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో దాని ఒళ్లంతా బిగిసి, ఊపిరి బిగబట్టి, పడబోతున్నానని తెలిసి, నా వంక చూసిన చూపు ఉంది చూశారూ. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరూ నన్నంత నమ్మి చూడలేదు.

ఇంటికొస్తూ ఆ పాటలన్నీ ఒకసారి మనసులో వరస పెట్టుకున్నాను. హంప్టీ డంప్టీ గోడ మీంచి పడతాడు. జాక్ కొండ మీంచి పడతాడు, జిల్ వెనకాలే దొర్లుతుంది. సాలీడు వానకి గొట్టంలోంచి జారిపోతుంది. చెట్టుకొమ్మ విరిగి ఉయ్యాల పడుతుంది. రింగా రింగా రోజెస్‌లో అందరూ కట్టకట్టుకుని కూలబడతారు. లండన్ బ్రిడ్జి సంగతి సరేసరి. నా ఉద్యోగమంతా ఏదీ పడకుండా చూడటం. ఈ పాటల పనేమో పడెయ్యడం. పడ్డాక నవ్వు, లేచాక మళ్లీ మొదట్నించి. మా అమ్మాయికి కూడా ఆ స్టూలు మీద నేను "మళ్లీ మొదట్నించి" అనే అన్నాను. మాటలు అవే.

హంప్టీ డంప్టీ మాటొచ్చింది గనక ఒక సంగతి. అది అసలు పొడుపుకథ. పాటలో ఎక్కడా గుడ్డు అన్న మాటే ఉండదు, వెతుక్కోండి. గోడ మీంచి పడితే రాజుగారి బలగమంతా వచ్చినా అతికించలేనిదేమిటి అన్నది ప్రశ్న, గుడ్డు అన్నది జవాబు. మనం కొనే రైముల పుస్తకంలో గుడ్డుకి టోపీ పెట్టి, టై కట్టి మరీ బొమ్మ వేస్తాడు. జవాబు చేతిలో పెట్టి పొడుపుకథ వేసినట్టు. అయిదారేళ్ల పిల్లలుంటే బొమ్మ చూపించకుండా చెప్పి చూడండి. మన "కిటకిట తలుపులు" చెప్పినప్పుడు కళ్లు ఎలా మిటకరిస్తారో అలాగే చూస్తారు.

మన స్టూళ్ల మీద ఎక్కువగా పలికిన ఆ నక్షత్రం పాట ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు కట్టింది కాదు. జేన్ టేలర్ అనే అమ్మాయి రాసిన కవిత. 1806లో, ఆమెకింకా 23 ఏళ్లు నిండకుండానో నిండీ నిండకుండానో అచ్చయింది. అయిదు చరణాలుంటే మనం మొదటి దానితో ఆపేస్తాం. తరవాతి వాటిలో చీకట్లో దారి తెలియక నడిచే బాటసారి ఆ చిన్న వెలుగుకి కృతజ్ఞత చెప్పుకుంటాడు. మంచి చరణం, పాపం ఎవరూ అక్కడిదాకా పోరు. వరస మాత్రం ఆమెది కాదు, పాత ఫ్రెంచి పాటది. మోజార్ట్ అదే వరస మీద పియానోకి పన్నెండు రకాలుగా స్వరం కట్టాడు. ఏబీసీడీ పాట, నల్లగొర్రె పాట, ఈ పాట, మూడూ ఒకటే వరస. ఇంటికెళ్లి మనసులో పాడుకుని చూడండి. ఇక మేరీ గొర్రెపిల్ల పాట అమెరికాది. సారా జోసెఫా హేల్ అనే ఆవిడ 1830లో ప్రచురించింది. ఎడిసన్ 1877లో తన ఫోనోగ్రాఫ్ పనిచేస్తుందో లేదో చూడటానికి గొట్టంలో చదివింది దాన్నే. అంత పెద్ద యంత్రం కనిపెట్టినవాడు, నోటికి ఠక్కున వచ్చింది ఆ గొర్రెపిల్ల. ఇంజనీర్లని తక్కువ అంచనా వెయ్యకండి.

ఇప్పుడిక నా వంతెన. కార్యదర్శిగారూ, అయిదే నిమిషాలు.

లండన్ బ్రిడ్జి కూలే పాట 1744 ప్రాంతంలో అచ్చయిన టామీ థంబ్స్ ప్రెటీ సాంగ్ బుక్ అనే చిట్టి పుస్తకంలో ఉంది. అరచేతిలో ఇమిడే పుస్తకం అది. చాలామంది మొదటి చరణం పాడి వదిలేస్తారు. పూర్తిగా పాడితే అదొక ఇంజనీరింగు మీటింగు. వంతెన కూలింది, దేంతో కడదాం? కర్రా మట్టితో కడితే కొట్టుకుపోతుంది. ఇటుకా సున్నంతో కడితే నిలవదు. ఇనుము ఉక్కు వాడితే వంగుతుంది. వెండీ బంగారంతో కడితే దొంగలెత్తుకుపోతారు. అయితే కాపలావాణ్ణి పెడదాం, వాడు నిద్రపోతే? నేను కూర్చున్న చాలా మీటింగులకంటే బాగా నడుస్తుంది చర్చ. ప్రతి వస్తువు లోపం దానికుందని మూడేళ్ల పిల్లకి ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు?

నిజం వంతెన కథ వేరు. రాతి వంతెన పని 1176లో పీటర్ ఆఫ్ కోల్‌చర్చ్ అనే ఆయన ఆధ్వర్యంలో మొదలైంది, 1209కి పూర్తయింది. పందొమ్మిది కమానులు, పైన ఇళ్లు, దుకాణాలు. స్తంభాల్ని కాపాడటానికి వాటి చుట్టూ కొయ్యదుంగలు దిగ్గొట్టి, లోపల రాళ్లు నింపి, పెద్ద పెద్ద దిమ్మలు కట్టారు. అవి నదికి దారి ఇరుకు చేశాయి. దారి ఇరుకైతే నీటికి వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే పునాది అడుగున మట్టి కోసుకుపోతుంది. మట్టి పోయిందని మళ్లీ రాళ్లు పోస్తారు, దారి ఇంకా ఇరుకవుతుంది. మన కాలవల మీద పనిచేసినవాళ్లకి ఈ బాధ చెప్పక్కర్లేదు. 1281-82 చలికాలంలో మంచుగడ్డల తాకిడికి అయిదు కమానులు కూలిపోయాయి. కట్టుకున్నారు. నిప్పంటుకుంది, బాగుచేసుకున్నారు. అలా బాగుచేసుకుంటూ 1831లో పక్కన కొత్తది తెరిచేదాకా, 600 ఏళ్లకి పైగా, ఆ వంతెన నిలబడింది. పాటలో పూటకి పదిసార్లు కూలే వంతెన! మన హేవలాక్ వంతెన మీద రైళ్లు 1900 నుంచి 1997 దాకా నడిచాయని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కాని 600 ఏళ్లు.

1831 నాటిదైతే కూలలేదు, బరువుకి మెల్లగా దిగబడుతూ వచ్చింది. 1968లో దాన్ని ఒక అమెరికా వ్యాపారి 24 లక్షల 60 వేల డాలర్లకి కొన్నాడు. రాళ్లకి నెంబర్లు వేసి విప్పి, ఓడల్లో తీసుకెళ్లి, ఆరిజోనా ఎడారిలో లేక్ హవాసు అనే ఊళ్లో కాంక్రీటు చట్రం కట్టి దాని మీద తొడిగారు. 1971 నుంచి అక్కడుంది. ఇప్పుడు లండన్‌లో ఉన్నది 1973లో తెరిచింది. చూస్తే మీకు ఏమీ అనిపించదు. నేను దాని మీద నడుస్తూ పాడుకున్నాను, మా ఆవిడ పది అడుగులు ముందు నడిచింది.

ఈ పాటలకి రహస్యాలు అంటగట్టడం ఒక సరదా అయిపోయింది. రింగా రింగా రోజెస్ ప్లేగు పాటని, గులాబీలంటే ఒంటి మీద మచ్చలని, అందరూ పడటమంటే చావని మీ అందరికీ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. లండన్‌లో ఆ పెద్ద ప్లేగు వచ్చింది 1665లో. పాట ఇంగ్లండులో అచ్చులో కనిపించింది 1881లో. ఈ పాటలన్నీ ఏరి, వాటి చరిత్ర తవ్వి 1951లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెచ్చిన పీటర్, అయోనా ఓపీ దంపతులు ఈ ప్లేగు కథని ఒప్పుకోలేదు. అలా చెప్పుకోవడం రెండో ప్రపంచయుద్ధం తరవాతే ఎక్కువైంది. మన కాళ్లాగజ్జా ఆటలో చర్మరోగానికి మందు దాగి ఉందని తిరిగే మెసేజి కూడా ఇలాంటిదేనని నా అనుమానం. నాకు కోపం ఎందుకంటే, పిల్లలు ఊరికే కూలబడి నవ్వుకోవడానికి ఒక పాట ఉండటం మనకి చాలదు. దాని వెనక జబ్బో మందో ఉంటేనే మనకి గౌరవం.

"ఉయ్యాల పడిపోయే పాటా, తోకలు కోసే పాటా పిల్లలకి నేర్పచ్చా?" అని అడిగారు ఒక మిత్రుడు నిన్న రాత్రి. ఆయనే మనవడికి ఫోనిచ్చి అన్నం పెడుతున్నారు. మరీ చిన్న పిల్లలకి ఆ మాటల అర్థంతో పని లేదు, మీ ఒళ్లో ఉన్నారా లేదా అన్నదే పని. ఊహ తెలిసిన పిల్ల భయపడితే ఆ చరణం వదిలెయ్యండి, లేదా ఉయ్యాల పడకముందే పట్టుకోండి. వందల ఏళ్లుగా ఎవరింట్లో వాళ్లు మార్చుకుంటూ పాడినవే ఇవి. ఒక పాటని మాత్రం నేనే మార్చాను. వానని పొమ్మని, ఇంకోరోజు రమ్మని అక్కడి పిల్లలు పాడతారు. నాలుగు వారాలు లీడ్స్‌లో ఉంటే ఎందుకో నాకూ తెలిసింది. కాని ఈ జూన్‌లో మా ఊళ్లో దుక్కి దున్నుకుని ఆకాశం కేసి చూస్తున్న అన్నయ్య ఇంట్లో కూర్చుని ఆ పాట నోట రాలేదు. అక్కడ మన వానావానా వల్లప్పే.

ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకి నాకు తెలిసిన నాలుగు మాటలు. యాస గురించి సిగ్గుపడకండి, పిల్లకి మీ యాసే ముద్దు. దెబ్బ తప్పకండి చాలు, తొడ మీద తట్టుకుంటూ పాడితే అదే వస్తుంది. ఆఖరి మాట ముందు ఆగండి, ఆ ఖాళీ పిల్లదే, అది నింపినా నింపకపోయినా. ఫోను పక్క గదిలో పెట్టండి. ఫోను పాడుతుంది గాని మోకాళ్లు లేవు దానికి. మన చెమ్మచెక్కా ఒప్పులకుప్పా మానేసి ఇవి నేర్పమని నేననటం లేదు. మా మనవరాలికి ఎలుగుబంటీ కావాలి, అత్తారిల్లూ కావాలి, కుడిచేతికొకటి, ఎడంచేతికొకటి.

ఇక్కడున్న మాష్టార్లకి, టీచరమ్మలకి ఒక మనవి. ఇప్పుడు మన బడిలో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది, వార్షికోత్సవంలో పిల్లలు మైకు ముందు రైములు చెబుతున్నారు. నిన్న సాయంత్రం ఒక చిన్నపిల్ల మధ్యలో ఆగిపోయింది. మీరంతా చూశారు. చప్పట్లు కొట్టారు, మంచిదే. కాని దాని కళ్లు ముందు వరసలో వాళ్ల నాన్న కోసం వెతికాయి. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన ఏం చేశాడో నేను చెప్పను, ఆయన ఈ సభలోనే ఉన్నాడు. మైకు ముందు ఒక్కరినీ నిలబెట్టే బదులు, మా మాష్టారు చేసినట్టు మూడు వరసలు కట్టి పాడించండి. తప్పినా ఎవరికీ వినపడదు, ఆ సందట్లో మళ్లీ అందుకోవచ్చు.

లీడ్స్ నుంచి బయల్దేరే ముందురోజు అమ్మాయికి క్షమించమని చెబుదామనుకున్నాను. మనకి పిల్లలతో అలా మాట్లాడటం అలవాటు లేదు కదా. గొంతు సవరించుకుంటుంటే అదే వచ్చి చాప మీద నా పక్కన కూర్చుని "నాన్నా, ఆ గుర్రం పాట చెయ్యి, పాప అడుగుతోంది" అంది. చేశాను. ఆఖర్న పాప జారింది, నేను పట్టుకున్నాను. అమ్మాయి కాసేపు చూసి, "నీకు మోకాళ్ల నొప్పులు కదా, ఇంక చాల్లే" అంది. చాలనలేదు పాప. ఇంకో ఆరుసార్లు చేశాను. క్షమించమన్న మాట ఇంకా నా దగ్గరే ఉండిపోయింది. ఈ సావనీరు ఆ అమ్మాయికి ఒక కాపీ పంపమని కార్యదర్శిని అడిగాను.

భోజనాలయ్యాక మీ పిల్లల్నీ మనవల్నీ వేపచెట్టు దగ్గరికి తీసుకురండి. లండన్ బ్రిడ్జి ఆడదాం. చేతులెత్తి కమానుగా నిలబడటానికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకణ్ణి నేనున్నాను. రెండోవాడు కార్యదర్శి, వాడికింకా చెప్పలేదు.